చెప్పు ఎందుకు కరుస్తుంది?

షాపులో తొడుక్కుని నాలుగడుగులు వేస్తే బాగానే ఉంటుంది. ఇంటికి తెచ్చుకుని ఒక పూట తిరిగామో లేదో చిటికెన వేలి పక్కన తోలు లేచిపోతుంది. ‘కొత్త చెప్పు కదా, కరుస్తది. నాలుగు రోజులైతే అదే అలవాటైతది’ అంటారు పెద్దవాళ్లు. సిరిసిల్లలో గానీ, కోరుట్లలో గానీ, ఎల్లంతకుంటలో గానీ ఈ మాట వినబడని ఇల్లుండదు. అలవాటు అవుతుంది కూడా. చెప్పు కొంచెం సాగుతుంది, కాలికి కొంచెం కాయ కాస్తుంది, ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

అయినా ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది. అదే కంపెనీ, అదే ఏడో నంబరు. అన్న కాలికి హాయిగా ఉన్న చెప్పు తమ్ముడి కాలిని ఎందుకు కరుస్తుంది? ఇద్దరి పాదాలూ ఒకే పొడవు ఉన్నాయని షాపువాడు కొలిచి చూపించాడు కదా?

జవాబు తెలియాలంటే చెప్పుకన్నా ముందు తయారయ్యే ఒక వస్తువును చూడాలి. చెప్పులు కొనేవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది దాన్ని ఎన్నడూ చూసి ఉండరు.

ఫర్మా

చెప్పులు కుట్టేవాళ్లు దాన్ని ఫర్మా అంటారు. ఇంగ్లీషులో లాస్ట్. పాదం ఆకారంలో ఉండే గట్టి దిమ్మ అది. ఒకప్పుడు కొయ్యతో చెక్కేవారు, ఇప్పుడు కార్ఖానాల్లో ఎక్కువగా గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది దాని బరువు. పైన చీలమండ ఉండాల్సిన చోట కోసేసినట్టు చదునుగా ఉంటుంది, ఆ చదును మధ్యలో ఇనుప గొట్టం దిగిన రంధ్రం ఉంటుంది. యంత్రం మీద నిలబెట్టడానికి ఆ రంధ్రం. నడుం దగ్గర అడ్డంగా ఒక కోత, లోపల స్ప్రింగు. మెలిపెట్టి వంచితే ఫర్మా మధ్యలో మడుచుకుని పొట్టిదవుతుంది. బూటు తయారయ్యాక దాన్ని చింపకుండా ఫర్మాను బయటికి లాగేది ఈ మడత వల్లనే.

పైతోలును ఫర్మా మీద కప్పి, పట్టకారుతో అంచులు లాగి, కిందికి మలిచి, జిగురు పెట్టి, వేడి తగిలిస్తారు. తోలు ఆ ఆకారాన్ని పట్టుకుంటుంది. తర్వాత అడుగు అతికిస్తారు, ఆపైన ఫర్మాను లాగేస్తారు. అది ఖాళీ చేసిన చోటులోకే మన కాలు దూరుతుంది. అంటే మనం కొనే బూటు ఎవరో ఒకరి ఊహలోని పాదానికి తొడిగి తీసినది. ఆ ఊహ మన కాలికి ఎంత దగ్గరగా ఉంటే బూటు అంత హాయిగా ఉంటుంది.

ఊళ్లో చెప్పులు కుట్టే పద్ధతి వేరు. తోలు మీద కాలు పెట్టించి చుట్టూ గీత గీసి, రంపె అనే కత్తితో ఆ గీత వెంట కోసి, ఆరెతో పొడిచి కుట్టేవారు. తంగేడు చెక్కతో లందలో, అంటే తోలు ఊరబెట్టే తొట్టిలో, ఊరిన తోలు అది. ఫర్మా లేకపోయినా కొలత మాత్రం తొడుక్కునే మనిషిదే. కుడి కాలు కొంచెం వెడల్పుగా ఉంటే కుడి చెప్పు కొంచెం వెడల్పుగా వచ్చేది. యూరప్‌లో 18వ శతాబ్దంలో చాలా బూట్లకు కుడి, ఎడమ తేడాయే ఉండేది కాదంటే మన పల్లె చెప్పు విలువ తెలుస్తుంది.

1819లో అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన తుపాకి కొయ్యలు చెక్కడానికి ఒక లేత్ యంత్రం చేశాడు. నమూనా కొయ్య మీద ఒక చక్రం దొర్లుతూ ఉంటే, దాని కదలికను అనుసరించి పక్కనే కత్తి రెండో కొయ్యను అదే ఆకారంలో చెక్కుతుంది. కొద్దికాలానికే ఫర్మాలు కూడా ఆ యంత్రం మీదికి వచ్చాయి. ఒక మంచి ఫర్మా ఉంటే చాలు, వేలకు వేలు నకళ్లు తీయవచ్చు. చవక బూట్లు లోకమంతా పరుచుకోవడానికి ఇది పెద్ద కారణం. బూటు మన కాలికి దూరమవడానికీ ఇదే కారణం. చెక్కడం సులువైంది గానీ, ఎవరి కాలిని చెక్కాలన్నది కార్ఖానా నిర్ణయమైపోయింది.

ఏడో నంబరులో లేనివి

మన షాపుల్లో రాజ్యమేలుతున్న నంబర్లు ఇంగ్లండువి. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల లోపు. ఈ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే. వేళ్ల మొదట్లో పాదం చుట్టుకొలత ఎంత, మీగాలు ఎంత ఎత్తు, మడమ ఎంత సన్నం, ఇవేవీ ఏడో నంబరులో లేవు. అవన్నీ ఫర్మా చేసినవాడు అనుకున్నవే. తమ్ముడి పాదం అన్న పాదమంతే పొడవుండి ముందు భాగంలో అరసెంటీమీటరు వెడల్పు ఎక్కువైతే కథ అక్కడే మొదలవుతుంది. తమ్ముడు ఎనిమిదో నంబరు తీసుకుంటాడు. వెడల్పు సరిపోతుంది గానీ పొడవు ఎక్కువై మడమ జారుతుంది, జారకుండా లేసు బిగిస్తాడు, మీగాలు నొక్కుకుంటుంది.

ఇది ఒక్క తమ్ముడి ఇబ్బంది కాదని లెక్కలతో తేల్చిన పని మన దేశంలో ఈ మధ్యనే జరిగింది. 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ, జనం సీఎల్ఆర్ఐ అనేది, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాలకన్నా వెడల్పు అని తేలింది. వాటికి సరిపోని ఫర్మాల మీద తయారైన బూట్లను మనవాళ్లు పొడవు పెంచుకుని, లేసు బిగించుకుని సర్దుకుంటున్నారని కూడా ఆ పనిలో బయటపడింది. దాని ఆధారంగా ‘భ’ అనే పేరుతో ఒక భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. పసిపిల్లల నుంచి పెద్దల దాకా అందులో ఎనిమిది తరగతులు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలాది మందిని ఈ సందర్భంలో తలుచుకోకుండా ఉండలేను. ఇనుప ముక్కు ఉన్న సేఫ్టీ బూటు వేసుకుని ఎండలో రోజంతా నిలబడే పని వాళ్లది. తోలు బూటు నాలుగు రోజులకు సాగి కాలితో రాజీపడుతుంది. ఇనుము రాజీపడదు.

కొలతల పద్ధతి మారితే కోట్ల మందికి మేలు. అయినా అది సగటు పాదానికే మేలు. సగటుకు చాలా దూరంగా ఉన్న పాదాల సంగతేమిటి? ఈ అధ్యాయం అసలు వాటి గురించే.

నొప్పి తెలియని పాదం

ఎల్లంతకుంటలో ఒక అవ్వను ఊహించుకుందాం. అరవై దాటాయి. వయసంతా బీడీలు చుట్టింది, నాట్లు వేసింది. పదిహేనేళ్లుగా షుగరు. ఆసుపత్రిలో నర్సు ఆమెను మంచం మీద పడుకోబెట్టి, నైలాన్ పోగు బిగించిన చిన్న పుల్ల తీసింది. ఆ పోగును పాదానికి ఆనించి, అది వంగేదాకా నొక్కితే సరిగ్గా పది గ్రాముల ఒత్తిడి పడుతుంది.

‘అవ్వా, కండ్లు మూసుకో. తాకినప్పుడల్లా చెప్పు.’

‘ఇంక తాకిస్తలేవేంది బిడ్డా?’

అప్పటికే నర్సు మూడు చోట్ల తాకించి ఉంటుంది.

ఆ పది గ్రాములు తెలియని పాదానికి ముల్లు దిగినా తెలియదు, చెప్పులో గులకరాయి ఉన్నా తెలియదు. చెప్పు కరిచినా తెలియదు. కరవడం తెలిసినవాళ్లం మనం అదృష్టవంతులం. నొప్పి పుట్టగానే కుంటుతాం, బరువును పక్కకు నెట్టుతాం, చెప్పు విప్పేస్తాం. అవ్వ విప్పదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. వాళ్లలో ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేక నరాలు దెబ్బతిన్నవాళ్లందరికీ చెప్పు ఎంపిక అనేది కాలు నిలబెట్టుకునే విషయం.

ఈ సంగతిని ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పింది షుగరు వైద్యులు కారు, కుష్ఠు వైద్యులు. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు రోగుల పాదాలు రోగంతోనే కుళ్లిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. మన పక్కనే నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రికి నడిచి వచ్చిన వేల మందిని కూడా లోకం ఆ నమ్మకంతోనే చూసింది. బ్రాండ్ ఏళ్ల తరబడి పుండ్లను పరిశీలించి వేరే మాట చెప్పాడు. కండ దానంతట అది కుళ్లడం లేదు, నొప్పి తెలియక మనిషే దాన్ని నలగ్గొట్టుకుంటున్నాడు. పెద్ద దెబ్బ అక్కర్లేదు. మామూలు ఒత్తిడే ఒకే చోట రోజుకు వేల సార్లు పడితే చాలు. మొదట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, కాయ కాస్తుంది, ఆ కాయ కింద పుండు పడుతుంది. ఎలుకల పాదాల మీద యంత్రంతో కొద్దిపాటి ఒత్తిడిని పదే పదే పెట్టి ఇది నిజమని చూపించాడు.

మందు ఎంత ముఖ్యమో మెత్తని చెప్పు అంతే ముఖ్యమని తేలాక, వెల్లూరు పక్కన కరిగిరిలో సన్నని గాలి బుడగలున్న రబ్బరుతో చెప్పులు చేయడం మొదలైంది. ఎంసీఆర్ అని మనం పిలిచే మెత్తని రబ్బరు అదే. షుగరు చెప్పులు అని ఈరోజు మందుల షాపుల్లో అమ్మేవాటికి తాత అది.

పాదం కింది లెక్క

ఒత్తిడి అంటే బరువును అది ఆనిన చోటుతో భాగించగా వచ్చేది. అరవై కిలోల మనిషి కదలకుండా నిలబడితే ఒక్కో పాదం మీద 30 కిలోలు. నేలకు ఆనే చోటు 100 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములు. ఏమంత ఎక్కువ కాదు. నడిచేటప్పుడు మడమ లేచి కాలు ముందుకు తోసే క్షణం వస్తుంది. అప్పుడు ఒంటి బరువంతా, ఇంకొంచెం పైనే, ఒక్క పాదం ముందు భాగం మీద పడుతుంది. ఆ చోటు 30 చదరపు సెంటీమీటర్లు అయితే లెక్క రెండు కిలోలు దాటుతుంది. అందులోనూ బొటనవేలి మొదట్లో ఎముక బుడిపె పొడుచుకొచ్చి ఉంటే, ఆ రూపాయి బిళ్లంత చోట ఇంకా ఎంతో ఎక్కువ. రోజుకు ఐదు వేల అడుగులు వేస్తే ఆ బిళ్ల మీద రెండున్నర వేల సార్లు.

పాదం ఇంజనీరింగు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కో పాదంలో 26 ఎముకలు. వాటి వంపు ఈ బరువును పంచడానికే ఉంది. షుగరుతో నరాలు దెబ్బతింటే పాదంలోని చిన్న కండరాలు కూడా నీరసిస్తాయి, వేళ్లు కొంకర్లు పోతాయి, కింద కొవ్వు మెత్త ముందుకు జారుతుంది, ఎముక బుడిపెలు బయటపడతాయి. సరిగ్గా నొప్పి తెలియకుండా పోయిన పాదంలోనే ఒత్తిడి పెరుగుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

చెప్పులోపల పాదం కింద ఉండే మెత్త, అంటే ఇన్‌సోల్ చేయాల్సిన పని ఇక్కడ తెలుస్తుంది. నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకునే ముందు మన ఆడవాళ్లు చుట్టబట్ట పెట్టుకుంటారు. బిందె బరువు ఒక్క గ్రాము తగ్గదు. గుండ్రటి బిందె అడుగు, గుండ్రటి నెత్తి ఒకే బిందువు దగ్గర కలవకుండా ఆ బట్ట చుట్టూ వలయంలా పరుచుకుని బరువును పంచుకుంటుంది, మధ్యలో నడినెత్తిని ఖాళీగా వదిలేస్తుంది. మంచి చుట్టబట్టకు రెండు గుణాలు: మోయగలిగిన చోట మోయాలి, మోయలేని చోట వదలాలి. బట్ట మరీ పల్చనైతే నలిగి అడుగంటుతుంది, మరీ గట్టిదైతే అదే గుచ్చుకుంటుంది. మెత్తగా ఉంటే చాలదు, ఆకారం కూడా కుదరాలి. ఇన్‌సోల్ సంగతీ అంతే. పాదం వంపు కింద ఎత్తుగా వచ్చి కొంత బరువు తాను తీసుకోవాలి. బుడిపె ఉన్న చోట గుంటలా వదలాలి. ఆ గుంట వెనకే సన్నని దిండులా లేచి బుడిపెకు చేరబోయే బరువును ముందే ఎత్తుకోవాలి.

ఆ దిండు సరిగ్గా ఎక్కడ పెట్టాలన్నది మిల్లీమీటర్ల వ్యవహారం. బుడిపెకు కొంచెం వెనక ఉంటే ఉపశమనం. పది మిల్లీమీటర్లు ముందుకు వచ్చి బుడిపె కిందికే చేరిందంటే అదే కొత్త పుండుకు దారి. చేతి అంచనాతో ఇంత సూక్ష్మం పట్టుకోవడం కష్టం. ఇక్కడే కంప్యూటరు అవసరం వస్తుంది.

తెర మీద పాదం

మొదటి మెట్టు స్కానింగు. గాజు పలక మీద నిలబెట్టి నాలుగు పక్కల నుంచీ కాంతి గీతలు పంపి, అవి పాదం మీద ఎలా వంగాయో కెమెరాలతో చూసే యంత్రాలు ఉన్నాయి. లోతు కొలిచే కెమెరా ఉన్న ఫోను పట్టుకుని పాదం చుట్టూ తిరిగినా పని జరుగుతుంది. ఏదైనా చివరికి వచ్చేది లక్షల బిందువులు. సాఫ్ట్‌వేర్ వాటిని మూడేసి చొప్పున కలిపి చిన్న చిన్న త్రిభుజాలు చేస్తుంది. ఆ త్రిభుజాలన్నీ కలిసిన తొడుగే తెర మీద తిప్పి తిప్పి చూసే పాదం.

ఈ త్రిభుజాలు సాధారణంగా ఎస్‌టీఎల్ అనే రకం ఫైలులో ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ ఫైలులో కొలత ప్రమాణం రాసి ఉండదు. 250 అని ఉంటే అది మిల్లీమీటర్లో అంగుళాలో దానికి తెలియదు. టేపుతో పాదం పొడవు ఒకసారి కొలిచి, తెర మీది అంకెతో సరిచూసుకోకుండా ముందుకు పోకూడదు.

స్కాను తీసే పూట కూడా ముఖ్యమే. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఉదయం తీసిన కొలత రాత్రికి బిగుతు. నిలబడితే పాదం పొడుగవుతుంది, వెడల్పవుతుంది, వంపు కిందికి దిగుతుంది. అందుకే బరువు మోపి ఒకసారి, మోపకుండా ఒకసారి చూస్తారు. రెండింటి తేడా ఆ పాదం ఎంత సాగుతుందో చెబుతుంది.

ఇక ఫర్మా. పాదాన్ని స్కాను చేసి అచ్చు అదే ఆకారాన్ని ప్లాస్టిక్‌లో చెక్కేస్తే ఫర్మా వచ్చినట్టే కదా అని అందరికీ అనిపిస్తుంది. రాదు. అలా చేసిన దాని మీద కుట్టిన బూటు అసలు వేసుకోలేం. ఫర్మాకు అయిదు వేళ్లు ఉండవు, వేళ్లన్నీ కలిపి నున్నని ముక్కు ఉంటుంది. నడకలో వేళ్లు ముందుకు జరగడానికి చోటు కావాలి కాబట్టి బూటు లోపలి పొడవు పాదంకన్నా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలని షుగరు పాదాల వైద్యులు చెబుతారు. ముక్కు నేల నుంచి కొంచెం పైకి లేచి ఉండాలి, లేకపోతే అడుగడుగునా తట్టుకుంటుంది. మడమ వెనక ఫర్మా పాదంకన్నా కొంచెం లోపలికి వంగాలి, అప్పుడే బూటు మడమను పట్టుకుంటుంది. అడుగు అంచు పదునుగా ఉండాలి, అడుగు అట్ట అక్కడే కలుస్తుంది కనుక. బూటు మడమ రెండు సెంటీమీటర్ల ఎత్తుంటే చదును నేల మీద తీసిన స్కాను పనికిరాదు, మడమ ఎత్తినప్పుడు వంపు ఆకారమే మారిపోతుంది.

అందుకే తెలిసినవాళ్లు పాదం నుంచి ఫర్మా చేయరు. మంచి ఫర్మా ఒకటి ముందే ఫైలుగా ఉంటుంది. దాన్ని తెచ్చి పాదం స్కానుతో కలిపి ఒకదానిలో ఒకటి పెడతారు. ఎక్కడ పాదం ఫర్మాను చీల్చుకుని బయటికి వస్తోందో రంగుల్లో కనబడుతుంది. వేళ్ల మొదళ్ల చుట్టుకొలత, నడుం చుట్టుకొలత, మీగాలు చుట్టుకొలత, మడమ నుంచి మీగాలి మీదికి చుట్టిన కొలత, అన్నీ తెర మీదే టేపు వేసినట్టు చూసుకుంటారు. తర్వాత ఫర్మా ఉపరితలాన్ని పట్టుకుని ఆ ఒక్క చోట లాగుతారు. వేలు కొంకరపోయిన చోట ఎత్తు పెంచుతారు. మిగతాది కదలదు. ఈ లాగుడు నున్నగా సాగడానికి పనికొచ్చే వక్రరేఖల గణితం 1960ల ప్రాంతంలో ఫ్రాన్సు కార్ల కంపెనీల్లో పుట్టింది. రెనోలో పనిచేసిన పియర్ బెజియే పేరు ఆ రేఖలకు ఇప్పటికీ ఉంది. కారు తలుపు కోసం పుట్టిన గీత ఇవాళ అవ్వ బొటనవేలికి చోటిస్తోంది.

రైనో లాంటి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు, చెప్పుల కోసమే ప్రత్యేకంగా చేసినవి కార్ఖానాల్లో వాడతారు. బ్లెండర్, ఫ్రీక్యాడ్ ఉచితం. ఇంటర్మీడియట్ చదివిన పిల్లవాడు ఇంటి కంప్యూటర్లో మొదలుపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి నెలలు చాలు, పాదం చదవడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందని మాత్రం నా అభిప్రాయం.

తెర మీది ఫర్మాను వస్తువుగా మార్చేది కంప్యూటరు నడిపే లేత్. బ్లాంచర్డ్ యంత్రానికి అది మునిమనవరాలు, నమూనా కొయ్య స్థానంలో ఫైలు ఉంది. త్రీడీ ప్రింటరుతో కూడా ఫర్మా తీయవచ్చు గానీ జాగ్రత్త కావాలి. ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తోలును వేడితో బిగించే పొయ్యిలో పెడితే ఫర్మానే వంగిపోతుంది. లోపల బోలుగా ప్రింటు తీస్తే, తోలును బిగించే మేకు దిగిన చోట పగులుతుంది.

అందరికీ ఈ ప్రయాస అక్కర్లేదు. పాదం ఆకారం మామూలుగా ఉండి స్పర్శ మాత్రమే తగ్గినవాళ్లకు, లోతు కాస్త ఎక్కువున్న బూటులో సరైన ఇన్‌సోల్ వేస్తే చాలు. సొంత ఫర్మా కావాల్సింది ఎముకలు కూలిపోయి అడుగు ఉబ్బెత్తుగా మారిన పాదాలకు, కుష్ఠు వల్ల వేళ్లు కోల్పోయిన వాళ్లకు, పోలియోతో ఒక కాలు పొట్టిదైన వాళ్లకు, పుట్టుకతో వంకరైన పాదాలకు. వీళ్లకు ఏ షాపులోనూ ఏ నంబరూ లేదు.

ఆకారం చాలదు, ఒత్తిడీ కావాలి

ఇన్‌సోల్ విషయానికి వస్తే కంప్యూటరు అసలు గొప్పతనం కనబడుతుంది. పాదం ఆకారాన్ని పట్టడం పాత పద్ధతుల్లోనూ ఉంది. మెత్తని ఫోము పెట్టెలో కాలు దింపితే అచ్చు పడుతుంది. కానీ ఆ అచ్చుకు నడకలో ఒత్తిడి ఎక్కడ ఎక్కువో తెలియదు. ఇప్పుడు సన్నని రేకులాంటి ఒత్తిడి కొలిచే పొరలు వచ్చాయి. వాటి మీద నడిస్తే పాదం పటం రంగుల్లో వస్తుంది, నీలం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ పటాన్ని స్కాను మీద పరిచి, ఎర్రగా ఉన్న చోట గుంట, దాని వెనక దిండు తెర మీదే గీస్తారు. ఆకారాన్ని మాత్రమే చూసి చేసిన ఇన్‌సోళ్లకన్నా, ఆకారాన్నీ ఒత్తిడినీ కలిపి కంప్యూటర్లో గీసినవి ఒత్తిడిని బాగా తగ్గిస్తాయని అమెరికాలో పీటర్ కావనా బృందం 2008లో చూపించింది. చెప్పులోపల ఏ చోటా 200 కిలోపాస్కల్స్ దాటకూడదు, లేదా ముందున్న దానికన్నా 30 శాతమైనా తగ్గాలి అని అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన లెక్కలో అది చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలు.

గీసిన ఇన్‌సోల్‌ను ఈవీఏ ఫోము దిమ్మలో యంత్రం చెక్కుతుంది. కింద గట్టి పొర, పైన మెత్తని పొర. త్రీడీ ప్రింటరు అయితే ఒకే పదార్థంతో, లోపలి గళ్లను ఒక చోట దగ్గరగా, ఇంకో చోట దూరంగా అల్లి, ఎక్కడ కావాలంటే అక్కడ మెత్తదనం తెస్తుంది.

ఇంత చెప్పాక ఒక మాట నొక్కి చెప్పాలి. చెన్నైలోని ఎం.వి. డయాబెటిస్ ఆసుపత్రి వైద్యులు సీఎల్ఆర్ఐతో కలిసి, ఇదివరకు పాదం పుండ్లు పడిన 241 మందిని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. లోపల మామూలు అట్ట ఉన్న చెప్పులు వేసుకున్నవాళ్లలో 33 శాతానికి మళ్లీ పుండ్లు పడ్డాయి. ఎంసీఆర్, పాలీయురేథేన్, అచ్చు తీసిన ఇన్‌సోళ్లు వాడినవాళ్లలో 4 శాతానికే. సాదాసీదా ఎంసీఆర్ చెప్పే ఇంత పని చేసింది. ఎల్లంతకుంట లాంటి మండలంలో షుగరుతో పాదం మొద్దుబారిన ప్రతి మనిషికీ ముందుగా చేరాల్సింది, మడమ వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ చెప్పు. పట్టీ ఎందుకంటే, స్పర్శ లేని పాదం నుంచి హవాయి చెప్పు జారిపోయినా తెలియదు. పుండు ఒకసారి పడి మానినవాళ్లకు, ఆకారం చెడినవాళ్లకు ఆ తర్వాతి మెట్టు కంప్యూటరు.

ఎల్లంతకుంట నుంచి ఫైలు

కంప్యూటరు పద్ధతిలో పల్లెకు పనికొచ్చే గుణం ఒకటుంది. ఇన్నాళ్లూ ప్రత్యేకమైన బూటు కావాలంటే పాదమే ప్రయాణం చేయాల్సి వచ్చేది. కొలతకోసారి, సరిచూసుకోవడానికోసారి, తీసుకోవడానికోసారి పట్నం పోవాలి. పుండు మానిన పాదంతో బస్సెక్కి దిగడమే పుండుకు కొత్త కారణం. స్కాను అయితే మండలంలో తీసి పంపవచ్చు, చెక్కే యంత్రం హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండవచ్చు. చివరి సరిచూపు మాత్రం మనిషి ఎదుటే జరగాలి. కొత్త చెప్పు వేసుకుని అరగంట నడిపించి, విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందా అని కళ్లతో చూడాలి. ఏ స్కానరూ దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఆ సరిచూపు ఎవరు చేయాలి? నా మనసులో దీనికి ఒక జవాబు ఉంది. ఈ ప్రాంతంలో తోలు పని తెలిసిన మాదిగ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వై.బి. సత్యనారాయణ ‘మై ఫాదర్ బాలయ్య’ అనే పుస్తకంలో పాత కరీంనగర్ జిల్లా వంగపల్లికి చెందిన తన పూర్వీకుడు నర్సయ్య మెత్తని తోలు చెప్పులు కుట్టి నిజాముకు సమర్పిస్తే యాభై ఎకరాలు ఇనాం దక్కిందనీ, ఊరి దొర అందులో రెండెకరాలు మిగిల్చి తక్కినదంతా లాక్కున్నాడనీ రాశారు. పాదానికి తగ్గట్టు తోలును మలిచే నేర్పు మాదిగల చేతుల్లో ఉంది, దాని పేరుతోనే వాళ్లను ఊరవతల ఉంచారు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక ఆ పనీ పోయింది. హైదరాబాదులో ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్ ఉంది. అక్కడ తెర మీద ఫర్మా గీయడం నేర్చుకునే బల్లల ముందు మొదటి వరసలో ఈ కుటుంబాల పిల్లలు కూర్చోవాలి. తోలు ఎటు సాగుతుందో, కుట్టు ఎక్కడ ఒరుసుకుంటుందో ఇంట్లో చూసి పెరిగినవాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ ఇంకొక రంపె మాత్రమే.

స్కానరుకు తెలియని స్థానిక విషయాలు కూడా వాళ్లకే తెలుస్తాయి. బీడీల చాట ముందు రోజంతా కాళ్లు మడిచి కూర్చున్న ఆడవాళ్లకు చీలమండ బయటి పక్కన కాయ కాస్తుంది, పట్టీ బకిల్ సరిగ్గా అక్కడికి రాకూడదు. వరి మడిలో పనిచేసే మనిషికి నీళ్లు పీల్చే పైపొర పనికిరాదు.

ఇంకొకటి, అన్నిటికన్నా పెద్దది. మనం చెప్పులు గడప బయట విడుస్తాం. అవ్వ రోజులో వేసే అడుగుల్లో ఎక్కువ భాగం ఇంట్లోనూ వాకిట్లోనూ వట్టి కాళ్లతోనే. ప్రత్యేకమైన బూట్లు ఇచ్చిన రోగులు కూడా వాటిని బయట వేసుకుని ఇంట్లో విప్పేస్తున్నారని విదేశీ అధ్యయనాల్లోనే తేలింది, మన దగ్గర వేరే చెప్పాలా? గడప దాటి చెప్పులతో రావడానికి అవ్వ ఒప్పుకోదు, ఒప్పించాలని ప్రయత్నించడం కూడా తప్పే. ఆమె ఇన్‌సోల్ ఇప్పుడు ఫైలుగా ఉంది కాబట్టి, అదే ఆకారంతో ఇంట్లోకి మాత్రమే వాడే రెండో జత చెక్కవచ్చు. కడిగితే ఆరే పదార్థంతో, తోలు లేకుండా, గడప లోపలే ఉండేటట్టు. ఆర్నెల్లకో ఏడాదికో మెత్త అణగారిపోయినప్పుడు కొత్త కొలత లేకుండా మళ్లీ తీయవచ్చు. కొత్త స్కాను తీస్తే పాతదాని మీద పెట్టి, వంపు ఎంత దిగిందో, బుడిపె ఎంత పెరిగిందో మిల్లీమీటర్లలో చూసి, పుండు పడకముందే గుంటను కొంచెం లోతు చేయవచ్చు.